ఎరువు సొమ్ము, సొంత పనితనము

శ్రీశైలమున పాతాళగంగకు దిగు మెట్లను పదునాల్గవ శతాబ్దియందు రెడ్డిరాజు ప్రోలయ వేముడు కట్టించెను. మల్లికార్జునుని ఆలయమును చుట్టివచ్చు ప్రాకారముపై ఏనుగులను, గుఱ్ఱములను, వేటపట్టులను చెక్కిన శిల్పుల పేళ్లు మన కెవ్వరికిని తెలియవు. వారి యులిదెబ్బలు మాత్రము నేటికిని చెక్కుచెదరక నిలిచియున్నవి. శిఖరమును చూచినవానికి మఱుజన్మము లేదని పెద్దలందురు. ఆ శిఖరమును చెక్కినవాని గతి యేమని మాత్రము మనవా రెన్నడును అడుగలేదు. ఈ అడుగనితనమే నేటి మన దైన్యమునకు మూలమని చెప్పుటకై యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఆ కొండలనడుమనే, ఆ కృష్ణపైననే, 1963 జూలై 24వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ పండితుడు శంకుస్థాపన చేసిన ఆనకట్ట నిలిచియున్నది. కుడిగట్టున 110 మెగావాట్ల యంత్రములు ఏడు. ఎడమగట్టున, కొండగర్భమున, 150 మెగావాట్ల యంత్రములు ఆఱు. ఈ ఆఱును సామాన్య యంత్రములు కావు. పైనుండి దిగు నీటితో విద్యుత్తును పుట్టించుటయే కాక, మిగులు విద్యుత్తు ఉన్న వేళ దిగువ నీటిని మరల ఎగువకు తోడగల యంత్రములవి. ఎడమగట్టు కేంద్రము జపాను ప్రభుత్వపు ఋణసహాయముతో నిర్మింపబడి, ఈ శతాబ్దపు తొలి యేండ్లలో పనిచేయ నారంభించినది. 2014లో రాష్ట్రము రెండైనపిమ్మట ఎడమగట్టు తెలంగాణమునకును, కుడిగట్టు ఆంధ్రప్రదేశమునకును దక్కినవి. ఋణము వచ్చినది, యంత్రములు వచ్చినవి, దూరపు నగరములయందు దీపములు వెలిగినవి. యంత్రముతోడ విద్యయు వచ్చెనా? వచ్చినచో అది యెవరి చేతికి వచ్చెను? మా ప్రశ్న యింతియే.

ఈ ప్రశ్న యిపు డేల యని చదువరు లడుగవచ్చును. 2025 మే నెలలో కేంద్రమంత్రివర్గము దేశమందలి 1,000 ప్రభుత్వ ఐ.టి.ఐ.లను సంస్కరించుటకు 60,000 కోట్ల రూపాయల పథకమును ఆమోదించినది. కేంద్రము 30,000 కోట్లు, రాష్ట్రములు 20,000 కోట్లు, పరిశ్రమలు 10,000 కోట్లు భరించునట్లు నిర్ణయము. కేంద్రపు వాటాలో సగము, అనగా 15,000 కోట్లవఱకు, ప్రపంచబ్యాంకును ఆసియా అభివృద్ధి బ్యాంకును సమముగా సమకూర్చవలెను. అయిదేండ్లలో ఇరువదిలక్షల యువకులకు పని నేర్పుట లక్ష్యమనిరి. అయిదు జాతీయ శిక్షణసంస్థలను శ్రేష్ఠకేంద్రములుగా తీర్చిదిద్దుదుమని, వానిలో హైదరాబాదునందలిది యొకటి యని చెప్పిరి. అదే సంవత్సరము అక్టోబరులో పథకము ప్రారంభమైనది. ఇట్టి మహాప్రయత్నమును మేము స్వాగతించుచున్నాము. అయితే స్వాగతతోరణము కట్టిన చేతులతోనే ఒప్పందపత్రమును తిరుగవేసి చదువుటయు పౌరుల విధి. న్యాయవాదవృత్తిలో మేము నేర్చుకొన్న పాఠమేమనగా: దస్తావేజుపై పెద్ద యక్షరములలో నుండునది ఆశ, చిన్న యక్షరములలో నుండునది బాధ్యత.

మునుపటి దస్తావేజు నొకసారి విప్పి చూతము. శ్రీశైలజలాశయము కొఱకు కర్నూలు, మహబూబునగరు జిల్లాలలో సుమారు నూరు గ్రామములు నీట మునిగినవి. సుమారు లక్షమంది కొంపగోడు విడిచిరి. 1981లో ఇండ్లను పడగొట్టుటకు యంత్రములను, కూలీలను, పోలీసులను పంపిన దినములను ఆ తరమువారు నేటికిని మఱువలేదు. ఆ పిమ్మట అయిదేండ్లకు, 1986లో, ప్రభుత్వము 98వ నంబరు ఉత్తరువును వెలువరించి, మునిగిన కుటుంబమునుండి ఒక్కరికి ఉద్యోగ మిత్తుమనెను. లష్కరు కొలువులకై అర్జీలు పెట్టి, పెట్టినవారు ముసలివారై, వారి కుమారులు ఆ అర్జీల నకళ్లను వారసత్వముగా స్వీకరించిరి. నీటి తలుపుల యొద్ద కాపలా కాయు కొలువు కూడ ఇంత దుర్లభమైనప్పుడు, తలుపులను నడపు యంత్రము మాట యెవరు తలతురు? మునిగిన ఊరివానికి పని యిత్తుమనిరే కాని, పని నేర్పుదుమని ఉత్తరువులో ఎవ్వరును వ్రాయలేదు.

ఇట్టి నిర్వాసితు డొకడు కొన్ని యేండ్లక్రిందట మా యొద్దకు వచ్చెను. అతని సంచిలో మునిగిన యింటి తాలూకు కాగితములు, తండ్రి పేర అర్జీలు, రసీదులు ఉండెను. తండ్రి ఆనకట్ట కట్టునాడు బండలు మోసెనట. "నీ వేమి పని నేర్చితివి?" అని యడిగితిమి. "నేర్పినోళ్లెవురు సామీ? అడిగినోళ్లెవురు?" అనెను. అతని కుమారుడు మాత్రము ఒక ఐ.టి.ఐ.లో ఫిట్టరు పని చదివెను. రెండేండ్లలో తాను లేతు యంత్రమును త్రిప్పినది పట్టుమని పదిదినములు కూడ కాదనియు, మోటారు కాలి అది మూలపడియుండగా తాము దాని బొమ్మను మాత్రము పుస్తకమున చక్కగా గీసితిమనియు ఆ పిల్లవాడు చెప్పెను. అతని చేతిలో ధ్రువపత్ర మున్నది. చేతికి పని రాదు. తండ్రికి కాగితమున ఉద్యోగము, కుమారునకు కాగితమున విద్య! ఆ సంస్థ పేరుతో మాకు నిమిత్తము లేదు. అట్టివి ఒక్కటి రెండు కావని చదువరు లెఱుగుదురు.

విద్య కొఱవడిన యంత్రము అలంకారమై మిగిలినను సరిపెట్టుకొందుము గాని, అది ప్రాణములతో చెలగాటమాడును. 2020 ఆగస్టు 20వ తేదీ రాత్రి శ్రీశైలము ఎడమగట్టు భూగర్భ విద్యుత్కేంద్రమున అగ్నిప్రమాదము సంభవించి తొమ్మండ్రు మరణించిరి. మంటల నార్పి కేంద్రమును కాపాడ యత్నించుచు ప్రాణములు విడిచిన ఇంజనీర్లును, సిబ్బందియు మన బిడ్డలు. వారి స్మృతికి మేము నమస్కరించుచున్నాము. ఆ ప్రమాదమునకు కారణమెవ్వరని నిర్ణయించుట మా పని కాదు. మేము చెప్పునది వేఱు. విదేశమునుండి తెచ్చిన యంత్రమును నిలుపుట ఒకనాటి యుత్సవము. దానిని ముప్పదియేండ్లు భద్రముగా నడపుట ప్రతిదినపు విద్య. తీగ వేడెక్కుటను ముందుగా పసిగట్టువాడు, బ్యాటరీని మార్చునప్పుడు పాటింపవలసిన నియమమును తెలిసినవాడు, పొగ నిండిన సొరంగమున దారి నెఱిగినవాడు, వీరందఱును తయారగుటకు బడి కావలెను. ఆ బడికి ఋణపత్రమున ఎన్ని పంక్తులు కేటాయించుచున్నారో పాలకులే చెప్పవలెను.

ఇంతమాత్రముచేత మేము విదేశసహాయమునకు విరోధుల మని యెవరైన తలచినచో పొరపాటు. విద్యకు సరిహద్దులు లేవు. ఋణమిచ్చిన జపానుదేశపు చరిత్రయే మాకు సాక్ష్యము. 1873లో జపానువారు తమ రాజధానియందు ఇంజనీరింగు కళాశాలను నెలకొల్పి, దానికి ప్రధానాచార్యునిగా స్కాట్లండునుండి హెన్రీ డయ్యరు అను యువకుని పిలిపించుకొనిరి. తరగతిగదిలో శాస్త్రము, కర్మాగారమున పని, రెండును కలిపి నేర్పు పద్ధతి నతడు పెట్టెను. అతనికి మిక్కిలి గౌరవమిచ్చిరి. 1882లో అతడు వెడలిపోయెను. విదేశీ గురువు లిచ్చిన విద్యను ఒక తరములోనే జపానువారు తమ గురువుల చేతిలో పెట్టుకొనిరి. గురువును పిలుచునప్పుడే అతడు వెడలు దినమును గూడ మనస్సున నుంచుకొనిరి. వారి విజయరహస్యమంతయు ఇందే యున్నది. గురువు వెడలిపోవునప్పుడు విద్యయు అతనితో వెడలిపోయినచో దానికి సహకారమని పేరు చెల్లదు; అది అద్దెబేరము.

మన తెలుగునేలమీదనే మంచి యుదాహరణ మున్నది. 1968లో హైదరాబాదు బాలానగరమున కేంద్రీయ పనిముట్ల రూపకల్పనాసంస్థ వెలసినది. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమపు సహాయము, అంతర్జాతీయ కార్మికసంస్థ నిర్వహణ దాని పురుడుపోసినవి. యంత్రము చేయు ప్రతి వస్తువునకు అచ్చు కావలెను. ఆ అచ్చును ఊహించి, గీసి, ఉక్కున మలచువాడు పరిశ్రమకు తల్లివంటివాడు. ఆ విద్యయే ఇచ్చట నేర్పిరి. నేర్పుటతోపాటు నిజమైన అచ్చులను తయారుచేసి యిచ్చు పనిని గూడ పెట్టుకొనుటచేత శిష్యులకు బొమ్మ లేతు గాక నిజమైన లేతు దొరికినది. విదేశపు నిపుణులు వెడలిపోయి దశాబ్దములు గడచినను ఆ సంస్థ నిలిచియున్నది. హైదరాబాదునందే 1974లో ఎలక్ట్రానిక్సు, యంత్రమాపకవిద్యలకై స్వీడను దేశపు సహాయముతో ఒక శిక్షణసంస్థ వెలసినది. అచ్చట ముఖ్యముగా గురువులకే విద్య గఱపిరి. ఒక గురువునకు నేర్పిన విద్య ఏటేట శిష్యులను ఈనును. ఒక యంత్రము కొన్న సొమ్ము ఏటేట తఱుగును. ఈ లెక్క తెలియుటకు గణితపట్టము అక్కఱలేదు.

ఇందులకు మాఱుగా, మన రాష్ట్రమున పెద్ద పేరుతో మొదలై న్యాయస్థానపు మెట్లపై తేలిన పథకమును గూడ చెప్పవలసియున్నది. ఒక జర్మను సంస్థ పేరు ముందుంచి, 3,300 కోట్లకు పైబడిన నైపుణ్యశిక్షణ పథకమును ప్రకటించిరి. నూటికి తొంబదివంతులు సాంకేతిక భాగస్వాములు భరింతురు, పదివంతులే రాష్ట్రము భరించునని 2017 నాటి యొప్పందము. రాష్ట్రమునుండి సుమారు 371 కోట్లు విడుదలయైనవి. 2021లో నేరపరిశోధకశాఖ కేసు నమోదుచేసినది. 2023లో అరెస్టులు జరిగి దేశమంతట మాఱుమ్రోగినది. కేసు గుణదోషములపై మేము పెదవి విప్పము. దోషి యెవ్వడు, నిర్దోషి యెవ్వడు అను నిర్ణయము న్యాయాధిపతులది. కాని సామాన్యపౌరుడు అడుగదగిన ప్రశ్న ఒకటి మిగిలియున్నది. ఆ తొంబదివంతుల విలువను ఎవరు కట్టిరి? యంత్రములలో నడచు సాఫ్టువేరునకు అచ్చు ధర వేసి దానినే విరాళముగా లెక్కించుట లోకమున కలదు. అట్టి విరాళము కాలపరిమితి తీరినతోడనే కఱిగిపోవును. ఎరువు సొమ్ము బరువుచేటని మనవారు ఊరక అనలేదు. బరువు మనది, చేటు మనది. సొమ్ము మాత్రము గడువు తీరగనే సొంతదారునిది.

ఇంక సహకారము పేర నడచు మఱియొక దారి కలదు. పని నేర్పుదుమని పిలిచి పని చేయించుకొనుట. జపానుదేశము 1993లో సాంకేతిక శిక్షార్థుల విధానమును పెట్టినది. పేద దేశముల యువకులు వచ్చి విద్య నేర్చి స్వదేశమునకు కొనిపోవుట దాని ప్రకటితోద్దేశము. మన దేశమును 2017లో ఆ విషయమై ఒడంబడిక చేసికొన్నది. అయితే నేర్పుట తక్కువ, చాకిరి యెక్కువ యను ఆక్షేపణలు యేటేట పెరిగి, ఆ దేశపు నిపుణులసంఘమే దానిని తీసివేయుమని 2023లో సిఫారసు చేయగా, 2024లో ఆ దేశపు శాసనసభ వేఱు విధానమును పెట్టుటకు చట్టము చేసినది. పొరపాటును ఒప్పుకొని చట్టమును మార్చుకొన్న దేశమును మేము నిందింపము. జపానువారు 2016లో మన దేశమున పదియేండ్లలో ముప్పదివేలమందికి ఉత్పత్తివిద్య నేర్పుదుమని ఒడంబడిక చేసికొనుటయు మఱువలేదు. మనము మాత్రము గ్రహింపవలసినది గలదు: శిక్షణ యను పేరు పెట్టినంతమాత్రమున కూలిపని విద్య కాజాలదు.

కడపసీమనుండి కువైటునకు పోయిన స్త్రీల కథలు మన కోర్టు వరండాలయందు వినవచ్చును. బిడ్డల నిక్కడ తల్లికి అప్పగించి, అచ్చట పరుల బిడ్డలను ఎత్తుకొని తిరుగు చెల్లెండ్రు వారు. ఒప్పందపు కాగితము చదువరాని భాషలో నుండును. జీతము చెప్పినది వేఱు, ఇచ్చినది వేఱు. ఆ చెల్లెండ్రకే ధ్రువీకరింపబడిన రోగిసేవావిద్యయు, ఆ దేశపు భాషయు చేత నుండినచో బేర మాడు బలము వారిది కాదా? విదేశమునకు పోవుట తప్పు కాదు. వట్టిచేతులతో పోవుట తప్పు. పంపువారు వట్టిచేతులతో పంపుట మహాపరాధము.

"రాయలసీమయందు పరిశ్రమలే లేవు, ఏమి నేర్పుదుము? నేర్పినను ఎచ్చట పనిచేయుదురు?" అని రాజధానులలో కూర్చుండి యడుగువా రున్నారు. వారొకసారి బండి దిగి మా నేలపై నడువవలెను. శ్రీశైలమున ఇరుగట్టుల విద్యుత్కేంద్రములున్నవి. ఆ జలాశయపు నీటిని తోడుకొనిపోవు హంద్రీ–నీవా పంపులున్నవి. ఓర్వకల్లు ప్రాంతమున 2017లో పూర్తియైన 1,000 మెగావాట్ల సౌరవిద్యుత్ క్షేత్రమున్నది. పిన్నాపురమువద్ద సింగపూరు పెట్టుబడి పొందిన సంస్థ 1,680 మెగావాట్ల నీటినిల్వ విద్యుత్పథకమును చేపట్టినది. బేతంచర్ల బండలు, కడప నాపరాళ్లు దేశమంతటికి పోవుచున్నవి. మంగంపేట ముగ్గురాయి సముద్రములు దాటుచున్నది. ఇన్ని యంత్రములు తిరుగుచున్నచోట పని లేదనుట యెట్లు? పని యున్నది, పనిని మనవారికి నేర్పవలెనను షరతు లేదు. ఎండ మాది, నేల మాది, నీరు మా యూళ్లను ముంచిన నీరు. పలకపై దుమ్ము తుడుచు పని మాత్రము మా పిల్లలకు విడిచి, మీటరు చదువు పనికి ఎక్కడివారినో తెచ్చుట ఏమి న్యాయము? దీపము క్రింద చీకటి యనునది సామెతయే యనుకొంటిమి. ఆనకట్ట నీడన అది ప్రత్యక్షమైనది.

ఆ చీకటిలో అందఱికంటె వెనుక నిలిచినవారు నల్లమల చెంచులు. మల్లన్నను తమ అల్లుడని చెప్పుకొను జాతి యది. శ్రీశైలముననే వారికై గిరిజనాభివృద్ధి సంస్థ కలదు. అడవిలో ఏ చెట్టు తేనెపట్టు ఎప్పు డెండునో, ఏ జాడ యే మృగముదో చదువగల చూపు వారిది. అట్టి చూపు గల పిల్లవానిని పదవతరగతి పరీక్షయందు తప్పితివని ఐ.టి.ఐ. గడపనుండి త్రిప్పిపంపుచున్నాము. వానికి చూపు లేదా, మనకు లేదా? పులుల అభయారణ్యమున దారి చూపువాడు, జలాశయమున పడవ నడపి దాని యింజనును బాగుచేయువాడు, తేనెను వడగట్టి శుద్ధిచేసి సీసాకెత్తి తన పేరుతో అమ్ముకొనువాడు, వీరందఱును ఆ గూడెములనుండి రావచ్చును. తెలుగున నేర్పవలెను. చేతితో నేర్పి పిమ్మట అక్షరముతో చెప్పవలెను. విదేశీ నిపుణునికి మనము చూపగల మొదటి విద్యార్థి వాడే కావలెను. మనము దాచిపెట్టు కడపటివాడు కారాదు.

విదేశీయుడు వచ్చి మనవాడై నిలిచిన దృష్టాంతమును మా సీమయందే కలదు. స్పెయినుదేశమునుండి వచ్చిన విన్సెంటు ఫెరరు 1969లో అనంతపురమును తన యూరు చేసికొని గ్రామీణాభివృద్ధి సంస్థను నెలకొల్పెను. వికలాంగులకు వృత్తివిద్య, పల్లెపట్టభద్రులకు విదేశభాషలు నేర్పు బడి అందు భాగములైనవి. ఆ సంస్థకు విదేశవిరాళములు స్వీకరించు అనుమతి విషయమై 2025లో చిక్కు ఏర్పడగా, పల్లెజనులు వీధులకెక్కిరి. వారి కృతజ్ఞత కొనియాడదగినదే. కాని ఢిల్లీయందు ఒక సంతకము ఆగినంతమాత్రమున అనంతపురమున ఒక తరగతిగది వణకునట్లు మన మెందుకుంటిమని ఆత్మవిమర్శ చేసికొనవలెను. అర్ధశతాబ్ది ఒక పరదేశి మోసిన బరువును మన జిల్లా ధనవంతులు ఏ కొంత మోసిరి?

ఆ మాటకు వచ్చిన పిమ్మట నింద నంతయు ప్రభుత్వములపై త్రోసివేయుట అన్యాయము. పట్టణవాసులమగు మనమే చేతిపనిని చిన్నచూపు చూచితిమి. మన కుమారుడు ఇంజనీరింగు పట్టము పొంది పని లేక యింట కూర్చుండిన గౌరవము. పొరుగువాని కుమారుడు వెల్డింగు నేర్చి నెలకు ఇరువదివేలు తెచ్చిన చులకన. పెండ్లిసంబంధము మాటాడునప్పుడు "పిల్లవాడు ఐ.టి.ఐ." అని చెప్పుటకు గొంతు తగ్గును. 1910లో బందరున కోపల్లె హనుమంతరావుగారు, ముట్నూరి కృష్ణారావుగారు, పట్టాభి సీతారామయ్యగారు జాతీయకళాశాలను నెలకొల్పి, చదువుతోపాటు నేతను, వడ్రంగమును, యంత్రవిద్యను చేర్చినప్పుడు ఈ గొంతు తగ్గుటనే వారు రోగమని గుర్తించిరి. 1937లో వార్ధాయందు గాంధీమహాత్ముడు చేతిపనిద్వారా చదువు అని చెప్పినదియు ఈ రోగమునకు మందే. 2020 నాటి జాతీయ విద్యావిధానమును, 2025 నాటికి విద్యార్థులలో సగమునకు వృత్తివిద్యాపరిచయము కలుగవలెనని వ్రాసికొన్నది. మందు చీటీలు మూడు తరములనుండి పెట్టెలో నున్నవి, రోగి త్రాగలేదు.

జర్మనీని చూచిరండని మన మంత్రులను, అధికారులను ఏటేట పంపుచున్నాము. వారు చూచివచ్చునది అద్దాల భవనములను. చూడవలసినది వారి యొప్పందమును. అచ్చట శిష్యుడు వారమున మూడునాలుగు దినములు కర్మాగారమున, ఒకటి రెండు దినములు బడియందు గడపును. యజమాని వానికి భృతి యిచ్చును. వర్తకపరిశ్రమల మండలి పరీక్ష పెట్టును. 1969లో దానికి చట్టమును చేసికొనిరి. మన శిష్యరికపు చట్టము 1961 నాటిది, వారికంటె ముందటిది! ముప్పదిమందికి తక్కువ కాని సిబ్బంది గల ప్రతి సంస్థయు నూటికి రెండున్నరకు తక్కువ కాకుండ శిష్యులను చేర్చుకొనవలెనని నేటి నియమము. చట్టము మన యింట నున్నది. దాని నమలును చూచుటకు విమానమెక్కుచున్నాము. ఇంతకంటె వింత యేమున్నది?

కావున, క్రొత్త పథకముగాని, ఇకముందు వచ్చు విదేశసహకార మేదైనగాని, ఈ క్రింది షరతులపైననే అంగీకరింపబడవలెనని మేము కోరుచున్నాము. మొదటిది: యంత్రమునకు ముందు గురువు. ఎందఱు స్థానిక బోధకులు ఏ తేదీలోపల తయారగుదురో, విదేశనిపుణుడు ఏ తేదీన సెలవు పుచ్చుకొనునో ఒప్పందమున వ్రాయవలెను. రెండవది: యంత్రముతోపాటు దాని విడిభాగములకును, మరమ్మతులకును ఏటేట సొమ్ము కట్టిపెట్టి, దాని కైపుస్తకమును తెలుగున అచ్చువేయవలెను. మూడవది: విదేశఋణముతోగాని విదేశపెట్టుబడితోగాని కట్టు ప్రతి పథకమునందును, భూమి నిచ్చిన గ్రామముల పిల్లలను భృతి యిచ్చి శిష్యులుగా చేర్చుకొనుటను సంఖ్యతోసహా షరతుగా పెట్టవలెను. ఆ జాబితాలో మొదటిపేరు మునిగిన ఊళ్లది కావలెను. నాల్గవది: చెంచులకును, మధ్యలో చదువు మానిన పిల్లలకును, వారు వచ్చిన మెట్టునుండియే ఎత్తుకొను వంతెన తరగతి యుండవలెను. అయిదవది: దానముగా వచ్చిన యంత్రమునకు, సాఫ్టువేరునకు ఏ వెల కట్టిరి, గడువెంత, శిష్యులలో ఎందఱు ఏడాది తరువాత ఆ పనియందే యున్నారు, ఈ లెక్క ప్రతి ఐ.టి.ఐ. గోడపై తెలుగున అంటింపవలెను. ఆఱవది: విదేశములకు పంపువారిని భాష నేర్పి, జీతపు ఒప్పందమును స్వభాషలో చదివించి పంపవలెను. మరలివచ్చినవారిని బోధకులుగా గౌరవించి పెట్టుకొనవలెను.

ఇవి గొంతెమ్మ కోరికలు కావు. పైసా యెక్కువ ఖర్చు లేనివి సగమున్నవి. అయినను వ్రాతలో లేనిది చేతలోనికి రాదని సీమవాసులమగు మనము బాగుగా నేర్చికొంటిమి. వ్రాసినదియు అమలుపఱుపక పోవచ్చునని అంతకంటె బాగుగా నేర్చికొంటిమి. 1937 నవంబరు 16వ తేదీన మదరాసున శ్రీబాగు భవనమున పెద్దలు కూర్చుండి రాయలసీమకు నీటివిషయమునను, విద్యావిషయమునను వ్రాసియిచ్చిన ఒడంబడిక ఏ గతి పట్టినదో మన తాతల నడిగిన చెప్పియుందురు. సంతకము పెట్టువాడు మఱచును. గుర్తుచేయువాడు నిద్రింపరాదు.

గుర్తుచేయు పని చదువరులది. 2005 నాటి సమాచారహక్కు చట్టము మన చేతిలో నున్నది. ప్రతి పట్టణపు పఠనమందిరమునుండి ఇద్దఱు సభ్యులు తమ యూరి ఐ.టి.ఐ.కి పోయి మూడు ప్రశ్నలు వేయుదురుగాక. ఎన్ని యంత్రములు తిరుగుచున్నవి? ఎందఱు బోధకులున్నారు, ఎన్ని ఖాళీలున్నవి? క్రిందటియేడు వెడలిన పిల్లలు నేడు ఎచ్చట నున్నారు? జవాబు రానిచో ఒక అర్జీ పెట్టుదురుగాక. అర్జీ వ్రాసిపెట్టుటకు మా సీమ న్యాయవాదులలో స్వచ్ఛందముగా ముందుకు వచ్చువారు కొందఱైనను లేకపోరు. మేము సిద్ధముగా నున్నాము. ఒక్క సాయంకాలపు పని యిది. పత్రికను మడచి అరుగుపై రాజకీయము మాటాడుకొను కాలములో పదవవంతు చాలును.

శివరాత్రికి నల్లమలను కాలినడకను దాటి లక్షలమంది శ్రీశైలము చేరుదురు. ఆ దారిలో వారు దాహము తీర్చుకొను నీటిక్రింద ఎవరి యిండ్లో ఉన్నవి. వారు మ్రొక్కు గోడపై ఎవరి చేతిపనియో ఉన్నది. ఆ యిండ్ల బిడ్డల చేతికి ఆ చేతిపని ముట్టిననాడు జపాను ఋణమైనను, ప్రపంచబ్యాంకు సొమ్మైనను మనకు సార్థకమగును. అంతవఱకు ఎన్ని కోట్లు వచ్చినను అవి మన పేర వ్రాసిన అప్పులే.